రేడియోలో గరగర ఎక్కడిది?

మా నాన్నగారు 34 సంవత్సరములు ఎలిమెంటరీ పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరయినారు. ఆ తరువాత నీటికాసుల వ్యాధి వలన ఆయన చూపు రెండు కళ్ళకూ పోయినది. అప్పటినుండి ఆయనకు లోకమంతా ఒక చిన్న రేడియోలోనుండే వచ్చేది. ఉదయము ప్రాంతీయ వార్తలు, సాయంత్రము రైతుల కార్యక్రమము, ఆ పైన నాటకమో, పాటలో. పిల్లలెవరైనా ఆ రేడియో ముల్లు కదిపితే ఊరుకొనేవారు కారు. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్సు దగ్గర ఆ ముల్లు ఏండ్ల తరబడి పాతుకొని పోయి ఉండేది. 1948 డిసెంబరు 1న ఆ కేంద్రము ప్రారంభమైనదని, తాను చిన్నతనములో ఊరి పంచాయతీ రేడియో చుట్టూ కూర్చొని విన్నామని మా పిల్లలకు తరచుగా చెప్పేవారు.

2018 వేసవిలో ఆ రేడియోలో గరగర మొదలైనది. మేమున్న ఊరు అప్పటి ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతములో, మార్కాపురమునకు దగ్గరలో ఉన్నది. విజయవాడకు తిన్నగా కొలిస్తే సుమారు 160 కిలోమీటర్లు. అంత దూరమునుండి వచ్చే మాట కాబట్టి మొదటినుండి కొంచెము బలహీనముగానే వినబడేది. దాని మీద ఈ గరగర వచ్చి పడేసరికి వార్తలు చదివేవారు ఎవరో కూడా గుర్తుపట్టలేని పరిస్థితి వచ్చినది. కొత్త సెల్లులు వేశాము. లాభము లేదు. మార్కాపురము వెళ్ళి కొత్త రేడియో తెచ్చాము. అందులోనూ అదే చప్పుడు. నాన్నగారు రెండు రోజులు ఏమీ అనలేదు. మూడవ రోజు సాయంత్రము రేడియో కట్టేసి గోడవైపు తిరిగి పడుకొన్నారు. అన్నము తినమంటే, "ఆకలి లేదురా" అన్నారు. చూపున్నవారికి అది చిన్న సంగతిగా కనబడవచ్చును. మా యింట్లో మాత్రము అది చిన్న సంగతి కాలేదు.

ఇక్కడ మేము చేసిన పొరపాటు దాచకుండా చెప్పుకోవాలి. మా యింటిని ఆనుకొని ఒక కిరాణా కొట్టు ఉన్నది. ఆ వేసవిలోనే ఆ కొట్టు యజమాని ఐసుక్రీములకు, పాల ప్యాకెట్లకు పెద్ద ఫ్రీజరు కొన్నాడు. గరగర మొదలైనది కూడా ఇంచుమించు అప్పుడే. ఇంకేమున్నది, దోషి దొరికినాడనుకొన్నాము. కొట్టుకు వెళ్ళి, నలుగురు బేరగాళ్ళు నిలబడి ఉండగానే, "నీ మిషను పెట్టినప్పటినుండి మా పెద్దాయన వార్తలు వినలేక పోతున్నాడయ్యా" అని కొంచెము గట్టిగానే అన్నాము. అతడు మా సంఘస్థుడు కాడు గాని మర్యాదస్థుడు. "అయ్యగారూ, ఈ రోజు సాయంత్రం ఫ్రీజరు తీసేస్తాను, చూడండి" అని 6 గంటలనుండి 9 గంటల వరకు ప్లగ్గు పీకి పెట్టినాడు. గరగర ఏమాత్రమూ తగ్గలేదు. మండు వేసవి అగుటచేత అతని ఐసుక్రీములు సగము కరిగి పాడైనవి. డబ్బు ఇవ్వబోతే తీసుకొనలేదు. మరునాడు ఆ కొట్టు ముందునుండి నడిచి పోవుటకు మాకు ముఖము చెల్లలేదు.

నిజానికి నాన్నగారు మొదటి వారములోనే ఒక మాట అన్నారు. "ఒరే అబ్బాయ్, అది ఒక చప్పుడు కాదురా, రెండు. సాయంత్రం దీపాలు పెట్టినాక వచ్చేది 'జుయ్' మని ఎడతెగకుండా ఉంటుంది. ఇంకొకటి ఎప్పుడంటే అప్పుడు 'చరచర' మంటుంది, గాలి వీస్తే ఎక్కువవుతుంది." ముసలితనములో ఏదో అంటున్నారులే అనుకొన్నాము. ఆ ఒక్క మాట వినియుంటే మాకు నెల రోజుల తిప్పలు తప్పేవి.

మాకు దారి చూపినది మార్కాపురములో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే ఒక వృద్ధ మెకానిక్కు. మేము తీసుకువెళ్ళిన రేడియోను అక్కడే ఆన్ చేసి విన్నాడు. శుభ్రముగా పలికినది. నవ్వి, "రేడియోకు ఏ రోగమూ లేదు అయ్యగారూ. రోగం మీ యింట్లోనో, మీ వీధిలోనో ఉంది. మెయిన్ ఆపి చూసినారా?" అని అడిగినాడు. చూడలేదని ఒప్పుకొన్నాము. "ఊరందరి మీదా పడేముందు అది చూడాల గదా" అన్నాడు. కిరాణా కొట్టు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. అయినను మాకు చెంపపెట్టువలెనే తగిలినది.

అతడు టీ తెప్పించి చెప్పిన సంగతులు, తరువాత మేము చదివి తెలుసుకొన్నవి కలిపి ఇక్కడ కొంచెము వ్రాస్తాము. విద్యుత్తు ఎక్కడ నిప్పురవ్వగా ఎగిరినా, ఎక్కడ ఉన్నట్టుండి ఆగి మొదలైనా, అక్కడినుండి రేడియో తరంగములు పుడతాయి. అసలు రేడియో పుట్టినదే నిప్పురవ్వలోనుండి. 1887లో జర్మనీలో హైన్రిచ్ హెర్ట్జ్ అను శాస్త్రజ్ఞుడు రెండు గుండ్ల మధ్య రవ్వలు ఎగురవేసి ఆ తరంగములను కనిపెట్టినాడు. 1895లో మన జగదీశ్ చంద్ర బోసుగారు కలకత్తా టౌన్ హాలులో అటువంటి తరంగములతోనే గోడల అవతల గంట మ్రోగించి, తుపాకిమందు పేల్చి చూపించినారు. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడ సహాయము కొరకు కేకలు పెట్టినది కూడా రవ్వల యంత్రముతోనే. కాబట్టి మన యింట్లో ఒక స్విచ్చిలో రవ్వ ఎగిరినదంటే, అక్కడ ఒక చిన్న ప్రసార కేంద్రము నడుస్తున్నదన్న మాట. దానికి ఒక స్టేషను అంటూ లేదు, ముల్లు ఎక్కడ పెట్టినా వినబడుతుంది.

మీడియం వేవులో మనిషి మాట తరంగము యొక్క ఎచ్చుతగ్గుల మీద ఎక్కి వస్తుంది. రవ్వ చేసేది కూడా ఎచ్చుతగ్గులే. ఏది మాట, ఏది రవ్వ అని రేడియో విడదీయలేదు. ఎఫ్.ఎం. పద్ధతిలో మాట ఎచ్చుతగ్గుల మీద గాక తరంగము ఎంత వేగముగా ఊగుచున్నది అనుదాని మీద ఎక్కుతుంది. అందుచేత గరగర చాలా వరకు వదలిపోతుంది. అమెరికా ఇంజనీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ దానికి 1933లో పేటెంటు పొందినాడు. అయితే ఎఫ్.ఎం. దూరము పోలేదు. నాన్నగారికి కావలసినది విజయవాడ, అది మీడియం వేవు మీదనే మా ఊరికి అందేది. ఇక వేరే దారి లేదు, గరగరను వెదికి పట్టుకోవలసినదే.

ఆ రాత్రి 7 గంటలకు పని మొదలుపెట్టాము. రేడియోకు కరెంటు వైరు తీసివేసి సెల్లులు వేశాము. ఇది ముఖ్యము, లేనిచో మెయిన్ ఆపగానే రేడియో కూడా ఆగిపోతుంది. ముల్లును ఏ స్టేషనూ లేని చోట పెట్టి, గరగర బాగా వినబడునట్లు చేసి, మా యింటావిడను మెయిన్ దించమన్నాము. యిల్లంతా చీకటి. 'జుయ్' మనే చప్పుడు కత్తితో కోసినట్లు ఆగిపోయినది. నాన్నగారు మంచము మీదనుండి, "చెప్పానా లేదా?" అన్నారు. చీకటిలో ఇంకొకటి మిగిలినది. సన్నగా, తెగి తెగి, చరచరమని. మెయిన్ మరల ఎత్తించాము, దించాము, ఎత్తించాము. సందేహము లేదు. పెద్ద చప్పుడు మా స్వంత యింట్లోనిదే. చిన్నది బయటిది.

తరువాత బోర్డులోని ఫ్యూజులన్నీ పీకి, ఒక్కొక్కటే పెట్టుచు వచ్చాము. వంటిల్లు పెట్టినప్పుడు ఏమీ లేదు. పడకగది పెట్టినప్పుడు కొంచెము కీచుమన్నది. వసారా ఫ్యూజు పెట్టగానే మరల జుయ్! వసారాలో ఉన్నదెల్లా ఒక ఫ్యాను, ఒక ఎల్.ఇ.డి. బల్బు. ఫ్యాను ఆపాము, తేడా లేదు. బల్బు ఆపాము, చప్పుడు పోయినది.

ఆ బల్బు సంగతి మాకు గుర్తున్నది. సంతలో 40 రూపాయలకు కొన్నాము. అట్టపెట్టె మీద తయారు చేసినవారి చిరునామా కూడా లేదు. ఎల్.ఇ.డి. బల్బుల మీద మాకు ఏ వ్యతిరేకతా లేదు. 2015లో కేంద్ర ప్రభుత్వము ఉజాలా పథకము ప్రారంభించిన తరువాత అవి పల్లెటూళ్ళ నిండా వచ్చి కరెంటు బిల్లులు తగ్గించినవి. పాత బల్బు 60 వాట్లు తినే చోట ఇది 9 వాట్లతో సరిపెట్టుకొంటుంది. గాని దాని లోపల ఒక చిన్న సర్క్యూటు ఉంటుంది. 230 వోల్టుల కరెంటును బల్బుకు తగినట్లు తగ్గించుటకు అది సెకనుకు వేలసార్లు ఆపి, పెట్టి, ఆపి, పెట్టి నడిపిస్తుంది. ఆ ఆపడము, పెట్టడములోనుండే రేడియో గరగర పుడుతుంది. మంచి కంపెనీలు దానిని బయటికి రానీయకుండా లోపల ఒక చుట్ట, ఒకటి రెండు కెపాసిటర్లు పెడతారు. చౌక బల్బులో మొట్టమొదట మిగుల్చుకొనేది ఆ నాలుగు రూపాయలే. సెల్‌ఫోను ఛార్జరు, సెట్‌టాప్ బాక్సు అడాప్టరు, కొత్త ట్యూబులైటు చోకు, అన్నిటిలోనూ ఉన్నది ఇదే పద్ధతి. ఇటువంటి అడ్డంకులకు హద్దులు నిర్ణయించుటకు 1934లోనే ఒక అంతర్జాతీయ సంఘము ఏర్పడినది. హద్దులు కాగితము మీద ఉన్నవి, సంత బల్బుకు మాత్రము ఆ కబురు అందలేదు.

వసారా బల్బు మార్చాము. పడకగదిలో కీచుమన్నది మా అబ్బాయి ఫోను ఛార్జరు. ఫోను లేకున్నను అది గోడకు అంటిపెట్టుకొనే ఉండేది. దానిని వాడనప్పుడు పీకివేయుట అలవాటు చేశాము. మొత్తము ఖర్చు 110 రూపాయలు. ఈ 110 రూపాయల కొరకు మేము పొరుగువాని ఐసుక్రీములు కరిగించాము.

మరునాటినుండి మా యింటావిడ మార్కాపురము పలక ఒకటి గోడకు తగిలించి, నాన్నగారు చెప్పిన ప్రతి చప్పుడు దాని మీద గంటతో సహా వ్రాయుట మొదలుపెట్టినది. చూపు లేని మనిషి చెవి ఎంత పదునైనదో మాకప్పుడు తెలిసినది. మిక్సీ తిరుగుతున్నంతసేపు వచ్చే రొద మిక్సీదేనని ఎవరైనా చెప్పగలరు. దాని మోటారులో బొగ్గుముక్కలు రాచుకొని రవ్వలు ఎగురుతాయి. ఆయన దానితో ఆగలేదు. వీధిలో పోయేది మోటారు సైకిలా, ట్రాక్టరా అని రేడియోలో విని చెప్పేవారు. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు రవ్వ ఉన్నది, దాని టకటక బండి వేగముతో పాటు పెరుగుతుంది. డీజిలు ఇంజనులో ప్లగ్గు లేదు, కాబట్టి రేడియోకు ట్రాక్టరు వచ్చినట్లే తెలియదు. హాలులోని ఫ్యాను నడివేగములో ఉన్నప్పుడు బుర్రుమని, పూర్తి వేగములో పెట్టగానే ఆగిపోయే చప్పుడు ఫ్యానుది కాదు, దాని ఎలక్ట్రానిక్ రెగ్యులేటరుది. పాతబడిన ట్యూబులైటు మినుకుమినుకుమన్నప్పుడు రేడియో కూడా దానితో పాటు ముక్కుతుంది. సూర్యుడున్నంతసేపే ఉండి, మబ్బు పట్టగానే తగ్గే చప్పుడు ఎవరి యింటి మీదిదో సోలారు పెట్టెదై ఉండవచ్చును.

వీటిలో ఒకటి మాకు చాలా ఆశ్చర్యము కలిగించినది. రాత్రి 10 గంటల తరువాత, ఊరంతా నిద్రపోయినాక, గడియారము వలె టక్... టక్... అని సెకనుకు ఒకటి చొప్పున కొట్టేది. మా యింట్లో అటువంటి వస్తువు ఏదీ లేదు. పలక మీద మూడు రాత్రులు అదే వ్రాయబడినది. చివరకు తెలిసినదేమంటే, ఊరి చివర వేరుశనగ చేనుకు ఒక రైతు అడవిపందుల బాధ పడలేక సోలారు ఫెన్సింగు వేసినాడు. దాని పెట్టె సెకనుకు ఒకసారి తీగలోనికి షాకు కొడుతుంది. తీగ శుభ్రముగా ఉంటే రేడియోకు పెద్దగా తెలియదు. గడ్డి పెరిగి తీగకు తగిలితే ఆ తగిలిన చోట ప్రతి సెకనుకు రవ్వ ఎగురుతుంది. అంటే రేడియోలో టక్కుమన్నప్పుడెల్లా ఆ కంచె షాకు పందికి తగలకుండా గడ్డిలోనికి పోతున్నదన్న మాట. ఆ రైతుకు కబురు చేస్తే మొదట నమ్మలేదు. వెళ్ళి చూస్తే ఉత్తరము గట్టు మీద తుంగ మోకాలెత్తు పెరిగి తీగను పట్టుకొని ఉన్నది. కోసివేసిన రాత్రినుండి టక్కు లేదు.

మందిరములో మైకు పెట్టుకొన్నవారికి కూడా ఒక మాట. ఆరాధన మధ్యలో స్పీకర్లలో ఉన్నట్టుండి "టిట్టిట్టి, టిట్టిట్టి" అని వచ్చి, అర నిమిషములో ఎవరిదో ఫోను మ్రోగుట మీరందరూ వినియుంటారు. అది ఆంప్లిఫయరు చెడిపోయినది కాదు. పాత 2జి ఫోను టవరుతో మాటలాడునప్పుడు సెకనుకు 217 సార్లు ఆగి ఆగి ప్రసారము చేస్తుంది. దగ్గరలో మైకు తీగ ఉంటే దానిని పట్టుకొంటుంది. ఫోను పుల్పిటు మీద పెట్టుకొనే అలవాటు ఉన్న పాస్టర్లు మొదట తమ జేబు చూచుకొనుట మంచిది. మేము చూచుకొన్నాము.

ఇంకొక సంగతి. చీకటి పడిన తరువాత విజయవాడ మీద వేరే భాష స్టేషన్లు వచ్చి కలియుట, మాట ఉబికి తగ్గుట ఎవరి తప్పూ కాదు. పగటిపూట ఆకాశములో ఒక పొర మీడియం వేవు తరంగములను మ్రింగివేస్తుంది. రాత్రి ఆ పొర కరిగిపోయి దూరదేశపు స్టేషన్లు పైనుండి తిరిగి భూమి మీద పడతాయి. శ్రీలంకలోని పుత్తళము నుండి 882 కిలోహెర్ట్సు మీద తెలుగు సువార్త ప్రసంగములు మన పల్లెలలో రాత్రిపూట అంత స్పష్టముగా వినబడినది ఆ కారణము చేతనే. దానికి మందు లేదు, అవసరమూ లేదు.

ఇక రెండవ చప్పుడు, ఆ 'చరచర'. ఇదే మాకు నిద్ర లేకుండా చేసినది.

మెకానిక్కు మాకొక ఉపాయము నేర్పినాడు. చిన్న రేడియో లోపల బొగ్గువంటి నల్లని కడ్డీ ఒకటి, దానికి సన్నని రాగి తీగ చుట్టి ఉంటుంది. దానిని ఫెర్రైటు కడ్డీ అంటారు. మీడియం వేవుకు అదే ఏరియలు. అది అన్ని దిక్కులా ఒకే విధముగా వినదు. దాని ప్రక్క ఎటు తిరిగితే అటునుండి బాగా వింటుంది. దాని కొన ఎటు చూస్తే అటునుండి వచ్చేది దాదాపు వినదు. సాధారణముగా కడ్డీ రేడియో పొడవునా ఉంటుంది. కాబట్టి రేడియోను అరచేతిలో బల్లపరుపుగా పట్టుకొని నెమ్మదిగా తిరగాలి. గరగర ఎక్కడ సన్నగిల్లితే ఆ కొన చూపే గీతలో దొంగ ఉన్నాడు. ముందా, వెనుకా అన్నది ఒక్క చోటినుండి తెలియదు. ఇరవై అడుగులు ప్రక్కకు జరిగి మరల చూస్తే రెండు గీతలు కలిసే చోట తెలుస్తుంది.

మా పెరటిలోనుండి చూస్తే గీత దక్షిణమునకు పోయినది. వీధిలోనుండి చూస్తే నైరుతికి. రెండు గీతలు కలిసినది మా పశువుల పాక ప్రక్కనున్న కరెంటు స్తంభము దగ్గర. అయితే తొందరపడవద్దని మెకానిక్కు ముందే హెచ్చరించినాడు. తీగలు గరగరను మోసుకొని దూరము పోతాయి. ప్రతి స్తంభము దగ్గరా ఇదే దొంగ అనిపిస్తుంది. దానికి ఆయన చెప్పిన పరీక్ష ఏమంటే, ముల్లును చివరకు, 1600 దగ్గరకు జరిపి నడువమన్నాడు. పై అంకెలలో గరగర అంత దూరము ప్రాకదు. దోషి దగ్గర మాత్రము చివరి అంకె వరకు నిండుగా ఉంటుంది. మేము లాంతరు వెలుగులో వీధి చివరనుండి చివరకు నాలుగు స్తంభములు తిరిగాము. కుక్కలు మొరిగినవి. పాస్టరుగారు రాత్రిపూట రేడియో చేత పట్టుకొని స్తంభాల చుట్టూ ప్రదక్షిణము చేస్తున్నారని మరునాడు ఊరంతా చెప్పుకొన్నారు. మూడు స్తంభముల దగ్గర పై అంకెలు నిశ్శబ్దము. మా పాక ప్రక్క స్తంభము దగ్గర హోరు.

అప్పుడు నాన్నగారు ఇంకొకటి గమనించినారు. ఆ చరచర కొంతసేపు పెరిగి, కొంతసేపు తగ్గుతున్నది. పెరిగిన ప్రతిసారి ప్రక్క కొట్టులో ఫ్రీజరు గుర్రుమని మొదలవుతున్నది! మరల ఫ్రీజరేనా అని మా గుండె దడదడలాడినది. కాదు. మా వరుసలోని నాలుగు ఇండ్లకు ఆ స్తంభమునుండే కరెంటు వస్తుంది. ఫ్రీజరు మొదలైనప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ కరెంటు స్తంభము మీది ఏదో చెడిన అతుకులోనుండి పోతున్నది. మొదటి రోజు ఫ్రీజరు ఆపినప్పుడు మాకు తేడా తెలియకపోవుటకు కారణము, మా వసారా బల్బు రొద దానిని పూర్తిగా కప్పివేయుటయే.

ఇటువంటి చోట చేయకూడని పనులు కొన్ని ఉన్నవి. స్తంభమును తన్నుట, కర్రతో కొట్టుట, స్టే వైరు పట్టుకొని ఊపుట, కట్టెతో తీగ కదిలించుట, ఏవీ చేయరాదు. అట్లు కొట్టి చూస్తే చప్పుడు మారుతుందని కొందరు కుర్రవాళ్ళు ఉత్సాహపడ్డారు. వారిని కేకలు వేసి పంపించాము. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి, "రేడియోలో చప్పుడు వస్తున్నది" అని చెప్పాము. అవతలివారు నవ్వలేదు గాని వ్రాసుకొన్నట్లు కూడా తోచలేదు. రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడవసారి మాట మార్చి, "స్తంభము మీద అతుకులో రవ్వలు వస్తున్నవి, క్రింద గడ్డి పాక ఉన్నది" అన్నాము. ఆ మధ్యాహ్నమే లైన్‌మన్ వచ్చినాడు. ఫోను చేసేవారు ఈ తేడా గుర్తుంచుకొనుట మంచిది.

అతడు క్రిందనుండి చూచి, "పాస్టరుగారూ, ఏమీ కనబడడం లేదే" అన్నాడు. పగటి వెలుగులో రవ్వ కనబడదు. రేడియో చేతికిచ్చి వినమన్నాము. కొట్టతనిని ఫ్రీజరు ఒకసారి ఆపి పెట్టమని కేక వేశాము. చరచర తగ్గి, మరల హెచ్చినది. లైన్‌మన్ ముఖము మారినది. సబ్‌స్టేషనుకు ఫోను చేసి ఎల్.సి. తీసుకొని, లైను చచ్చినదని సరిచూచుకొని స్తంభము ఎక్కినాడు. పైనుండి, "అయ్యో" అన్న మాట వినబడినది.

పెద్ద లైనునుండి మా వరుసకు దిగే జంపరు తీగ అతుకు మాడి నల్లగా బొగ్గయినది. చేతితో మెలిపెట్టి వదిలిన అతుకు అది, క్లాంపు లేదు. అల్యూమినియము తీగ మీద గాలికి పొర కట్టుతుంది, ఆ పొర కరెంటును సరిగా పోనీయదు. అతుకు వేడెక్కుతుంది, చల్లారుతుంది, వదులవుతుంది, గాలికి కదిలి రవ్వలు వేస్తుంది. ఏడు పోగుల తీగలో నాలుగు అప్పటికే తెగిపోయినవి. మూడు పోగుల మీద నాలుగు ఇండ్ల కరెంటు నడుస్తున్నది. దాని క్రింద, సరిగ్గా క్రింద, ఎండి గలగలలాడే బోదగడ్డి కప్పిన మా పాక. అందులో రెండు గేదెలు, ఒక దూడ. మా పిల్లలు వేసవి మధ్యాహ్నాలు ఆడుకొనేది ఆ పాక నీడనే. ఆ తీగ తెగి కరెంటుతో క్రింద పడితే ఎక్కడ పడేదో లైన్‌మన్ వేలితో చూపించినాడు. మా యింటావిడ అక్కడనుండి లోపలికి వెళ్ళిపోయినది.

మాడిన కొనలు కత్తిరించి, పోగులు గీకి శుభ్రము చేసి, పి.జి. క్లాంపు బిగించి దిగినాడు. అరగంట పని. కరెంటు వచ్చిన వెంటనే నాన్నగారు రేడియో పెట్టించుకొన్నారు. 837 మీద రైతుల కార్యక్రమము వస్తున్నది. మిరపనారు గూర్చి ఎవరో చెబుతున్నారు. మాకు మిరప చేను లేదు. అయినను నాన్నగారు ఆ సాయంత్రము ఆఖరి వరకు విన్నారు.

మేము కొట్టుకు వెళ్ళి, ఈసారి కూడా నలుగురు బేరగాళ్ళు ఉన్నప్పుడే, మొదటిసారి మేమన్నది తప్పని చెప్పాము. అతడు, "పోనీండి అయ్యగారూ, ఆ తీగ తెగితే నా కొట్టు కూడా ఉండేది కాదు" అని పిల్లలకు చెరొక ఐసుక్రీము ఇచ్చినాడు. అప్పటినుండి రేడియోలో ఏ కొత్త చప్పుడు వచ్చినా మా యిద్దరి ఇండ్లలో మెయిన్లు దించి చూచుట ఒక ఆనవాయితీ అయినది. లైన్‌మన్ కూడా ఒక చిన్న రేడియో కొని సంచిలో పెట్టుకొన్నాడని విన్నాము.

గరగర దొరికినా తీయలేని సందర్భములు ఉంటాయి. అప్పుడు రేడియోను టీవీకి, ఛార్జర్లకు నాలుగైదు అడుగులు దూరము జరిపినా చాలా తేడా కనబడుతుంది. గరగర దగ్గరదయితే దూరముతో చాలా త్వరగా తగ్గుతుంది. కరెంటు వైరు తీసి సెల్లుల మీద పెట్టుట మేలు. అన్నిటికంటె రేడియోను త్రిప్పి చూచుట మేలు. మాకు విజయవాడ తూర్పు, ఈశాన్య దిక్కున ఉన్నది, చెడిన స్తంభము దక్షిణమున. కడ్డీ కొన దక్షిణమునకు పెడితే స్తంభపు చప్పుడు పోయి విజయవాడ నిలిచేది. లైన్‌మన్ కొరకు ఎదురుచూచిన ఆ రోజులలో నాన్నగారు అట్లే వార్తలు విన్నారు. కిటికీ గట్టు మీద సుద్దముక్కతో ఒక గీత గీసి పెట్టాము, ఆయన వేలితో తడిమి దాని ప్రకారము రేడియో పెట్టుకొనేవారు.

ఆ సంవత్సరము జూనులో ఒక మధ్యాహ్నము ఎండ మండిపోతున్నది. ఆకాశములో మబ్బు తునక కూడా లేదు. నాన్నగారు రేడియోను స్టేషను లేని చోట పెట్టుకొని చాలసేపు వింటున్నారు. మేము మరల ఏదో చెడిపోయినదనుకొని మెయిన్ దించబోయాము. "దానిని ముట్టుకోవద్దు, ఇది మన వీధిది కాదు" అన్నారు. వంగి విన్నాము. అప్పుడొకటి, అప్పుడొకటి, వరుస లేకుండా, చిట్... చిటచిట... మని వస్తున్నది. పిడుగు కూడా నిప్పురవ్వయే గదా. ఉరుము చెవికి వినబడుటకు చాల ముందే, వందల కిలోమీటర్ల అవతల మెరిసినది కూడా మీడియం వేవులో చిటపటమంటుంది. గంట గడిచేసరికి చిటపటలు దగ్గర దగ్గరగా, గట్టిగా వచ్చుట మొదలైనవి. పడమట నల్లమల మీద మబ్బు కనబడినది.

"చేలో ఎవరెవరున్నారు?" అని నాన్నగారు అడిగినారు. చెప్పాము.

"గొడ్లను తోలుకొని రమ్మను. చెట్ల క్రింద నిలబడవద్దని చెప్పు" అన్నారు. మా అబ్బాయి సైకిలు తీసుకొని పరుగెత్తినాడు.